గిన్నె కింద నక్షత్రం

లియోకాదియా ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు లేరు. ట్రామ్ నడిపిన రోజుల్లో కూర్చునే ఉండేది కదా అనవచ్చు. అదీ ఒక కూర్చోవడమేనా! కూర్చున్నచోటే ఉండి వార్సా ఊరంతటినీ కళ్ళముందు దొర్లించేది. పింఛను పుచ్చుకున్న మర్నాటినుంచీ ఊరు కదలడం మానేసింది. ఇక తనే కదలాల్సి వచ్చింది.

పొద్దున్న కాఫీ కూడా నిలబడే తాగేది. తాగుతూ తాగుతూ గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి గదిలోకి. కిటికీ పక్కన కుర్చీలో కాళ్ళు చాపుకుని, పత్రికలో గళ్ళనుడికట్టు నింపుకునే అన్న సెవెరిన్‌కి ఆ అడుగుల చప్పుడు చెవిలో జోరీగ. ఆయన జీవితమంతా రొట్టెల బట్టీ ముందు నిలబడ్డ మనిషి. కాళ్ళు వాచిపోయి, ఇప్పుడు కూర్చోవడమే ఉద్యోగంగా పెట్టుకున్నాడు. భార్య పోయాక చెల్లెలి పంచన చేరాడు. చెల్లెలు పెళ్ళి అనే స్టాపులో ఎప్పుడూ ఆగనే లేదు.

"ఒసే లోజా, ఆ నేల అరిగిపోతుందే. ఒకనాడు పోయి కిందింటివాళ్ళ నెత్తిన పడతావ్."

"పడితే అక్కడే తిరుగుతాలే. నీ నస తప్పుతుంది."

ఇంట్లో ఆమె లోజా. ఆ పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇద్దరుండేవారు, ఇప్పుడొక్కడే మిగిలాడు. రెండో మనిషి తల్లి అపొలోనియా. ఆవిడ పోయాక ఇది మూడో శరత్తు. లియోకాదియా కాళ్ళకి అసలైన చక్రాలు కట్టి పోయింది ఆవిడే.

సంగతేమిటంటే, వాళ్ళ వంటింట్లో పొయ్యి పక్కన ఒక చెక్కపలక ఉండేది. రొట్టె కోసే పీటంత ఉంటుంది. దాని మీద ఎనిమిది కోణాల నక్షత్రం. గీసింది కాదు, రకరకాల కర్ర ముక్కలు ఒకదాన్నొకటి ఆనించి అతికిన పని. ప్రతి కోణమూ సగం లేత రంగు, సగం ముదురు. నడిబొడ్డున నాణెమంత ఎర్ర కర్ర. ఒక కోణం కొస మాత్రం ఎగిరిపోయింది. ఆ పలక మీదే వాళ్ళింట్లో ఇన్నేళ్ళూ వేడి గిన్నె దించారు. బీట్‌రూట్ చారైనా, క్యాబేజీ పులుసైనా, పండగనాటి పుట్టగొడుగుల రసమైనా పొయ్యి దిగి మొదట కూర్చునేది ఆ నక్షత్రం మీదే. కూర్చుని కూర్చుని నల్లటి వలయాలు పడ్డాయి, ఒకదాని మీద ఒకటి.

యుద్ధం అయిపోయిన చలికాలంలో, ఊరు ఊరే రాళ్ళగుట్టయిపోయినప్పుడు, ఆడవాళ్ళు వరసగా నిలబడి ఇటుకలు చేతులు మార్చుకుంటూ శిథిలాలు తీశారు. అపొలోనియా కూడా ఆ వరసలో ఉంది. సాయంత్రం పోగులోంచి పొయ్యిలోకి పనికొచ్చే చెక్క ఏదైనా ఉంటే చంకన పెట్టుకుపోయేవాళ్ళు, ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఇంట్లో పసివాడు సెవెరిన్ చలికి నీలం తిరిగి ఉన్నాడు. ఆవిడ అలా తెచ్చిన పలకని నిలబెట్టి గొడ్డలెత్తింది. మొదటి దెబ్బకి ఒక కొస ఎగిరింది, అంటిన మట్టి కూడా రాలింది. మట్టి కింద నక్షత్రం కనబడింది. రెండో దెబ్బ పడలేదు.

"ఎందుకు ఆపావమ్మా?" అని లియోకాదియా చిన్నప్పుడు అడిగేది.

"నక్షత్రాన్ని పొయ్యిలో ఎవరు పెడతారే? ఆ రాత్రికి కుర్చీ కాల్చాను."

అంతే కథ. ఇన్నేళ్ళూ అంతే. పోయేముందు మాత్రం ఆస్పత్రి మంచం మీద, మందుల మగతలోంచి ఒక్కసారి తెలివొచ్చినట్టు కళ్ళు తెరిచి, "పొయ్యి దగ్గరి నక్షత్రం మనది కాదు లోజా. ఇచ్చెయ్యి" అంది.

"ఎవరికమ్మా?"

ఆవిడ జవాబు చెప్పకుండానే కళ్ళు మూసుకుంది. ఏ మేడలో, ఏ ప్యాలెస్‌లో గది నేలకి పరిచిన చెక్క ఊడి ఆ పోగులోకి వచ్చి పడిందో ఆవిడకి మాత్రం తెలుసా ఏమిటి!

అదిగో, అప్పటినుంచీ లియోకాదియా కాలు కాలిన పిల్లి. వారంలో ఏ రోజు ఏ మ్యూజియంలో టికెట్టు అడగరో, ఏ రోజు ఏ ప్యాలెస్ ఊరికే రానిస్తుందో ఆమెకి కంఠతా వచ్చు. తను నడిపిన ట్రామే ఎక్కి, నడిపే కుర్రదాని వెనక నిలబడి, "ఆ మలుపులో కాస్త తగ్గించమ్మా, పట్టా మీద చక్రం జారుతుంది" అని సలహా చెబుతూ నది దాటేది. ఇక గది గదికీ తిరిగేది. అందరూ తలెత్తి పైకప్పు బొమ్మలు చూసేవాళ్ళు, ఆమె తల దించుకుని నేల చూసేది. గోడల మీద రాజులూ రాణులూ బంగారు చట్రాల్లోంచి అంతసేపూ చూస్తూనే ఉండేవాళ్ళు, ఈవిడ ఒక్కరికీ మొహమిచ్చేది కాదు. గదుల కాపలా ఆడవాళ్ళు ఆమెకి 'ఉంగరం పోగొట్టుకున్నావిడ' అని పేరు పెట్టారు.

సాయంత్రం ఇంటికొస్తే సెవెరిన్ అడిగేవాడు. "ఏం బొమ్మలు చూశావే ఇవాళ?"

"బొమ్మలా? పైన ఏమున్నాయో నాకేం తెలుసు?"

"రాజుగారింటికెళ్ళి కాళ్ళపట్టా చూసొచ్చావన్నమాట. పో, చారు పెట్టు. ఆ పలక మీదే దించు. ఇచ్చేదాకా మనదే."

ఏటా నవంబరు మొదటి తేదీన, పోయినవాళ్ళ పండగనాడు, ఊరంతా సమాధుల దగ్గరే ఉంటుంది. చేమంతులూ, గాజుదీపాలూ, జనమూ. తల్లి సమాధి మీద దీపం వెలిగించి, రాయి తుడిచి, లియోకాదియా ప్రతిసారీ లోపల్లోపల ఒకే మాట చెప్పేది: ఇంకా దొరకలేదమ్మా. చెప్పి, అక్కడ నిలబడలేక, పక్కనున్న ముక్కూమొహం తెలియని సమాధుల ఆకులు కూడా ఊడ్చేసి వచ్చేది. రెండుసార్లు అయింది. ఇది మూడోసారి. మూడోసారి కూడా అదే మాట చెప్పడానికి ఆమెకి మొహం చెల్లడం లేదు.

ఆ తేదీ ఇక ఆదివారం వస్తుందనగా, గురువారం నాడు నదివైపు గుట్ట మీదున్న ప్యాలెస్‌కి వెళ్ళింది. అది ఆమె ఎన్నిసార్లో తిరిగేసిందే. అయినా ఇంట్లో ఉండి చేసేదేముంది? గుమ్మం దగ్గర పెద్ద పెట్టెలోంచి ఉన్ని చెప్పులు రెండు లాగి, బూట్ల మీద తొడుక్కుని, నేల గీసుకుపోకుండా అందరూ జారినట్టే జారుకుంటూ బయల్దేరింది. పిల్లలు మంచు మీద జారినట్టు ఆడుతున్నారు. టీచరు కసురుతోంది. లియోకాదియా వాళ్ళని దాటుకుని పోయింది. పై అంతస్తులో, ఇన్నాళ్ళూ మరమ్మతు అని తాళం వేసి ఉన్న మూల గది తలుపు తెరిచి ఉంది. గడపకి అడ్డంగా ఎర్ర తాడు. లోపల కుర్చీలో, శాలువా కప్పుకుని, కదలకుండా మెదలకుండా ఒక కాపలా ఆవిడ. కిటికీలోంచి ఏటవాలుగా వెలుతురు. ఆ వెలుతురు నేల మీద పడి, గోడ నుంచి గోడదాకా నక్షత్రాలు.

ఎనిమిది కోణాలు. సగం లేత, సగం ముదురు.

రోజూ ఆ పలకని తడిగుడ్డతో తుడిచిన చెయ్యి ఆమెది. కళ్ళు ఇంకా లెక్క చూసుకుంటుండగానే వేళ్ళు గుర్తుపట్టేశాయి.

"ఏం పోయిందమ్మా?" అంది కాపలా ఆవిడ కుర్చీలోంచే. "ఉంగరమేనా?"

"పోలేదండీ. దొరికింది" అనేసి లియోకాదియా గిర్రున తిరిగి మెట్లు దిగిపోయింది. ఉన్ని చెప్పులతో మెట్ల మీద పరుగెత్తకూడదు. పరుగెత్తింది. రెండుసార్లు జారి మెట్ల పక్క కమ్మీ పట్టుకుంది.

ఇల్లు చేరి కోటు విప్పకుండానే చెప్పింది. సెవెరిన్ పత్రిక మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. నవ్వుతాడనుకుంది. నవ్వలేదు.

"అయితే ఇచ్చేస్తావా?"

"అమ్మ చెప్పింది కదా."

"అమ్మ మందుల మత్తులో చెప్పింది. నువ్వు తీసుకెళ్ళి ఇస్తావ్. వాళ్ళు గాజుపెట్టెలో పెడతారు. కింద చీటీ రాస్తారు. ఫలానా అపొలోనియా ఎత్తుకుపోయిన ముక్క అని. బడిపిల్లలు వరసగా నిలబడి చదువుతారు. అదేనా నీకు కావలసింది?"

"ఎత్తుకుపోయిందని ఎందుకు రాస్తారు?"

"మరేం రాస్తారు? అరువు తెచ్చుకుందనా?" మడిచిన పత్రికని ఇంకోసారి మడిచాడు. "అది నా కోసం తెచ్చిన చెక్కే లోజా. నేను చచ్చిపోకుండా ఉండాలని తెచ్చింది. దొంగ అనిపించుకుంటే నా వల్ల అనిపించుకోవాలి. ఇస్తే నీ ఇష్టం. నన్ను మాత్రం అడక్కు."

ఆ రెండు రోజులూ ఆమె నడక ఎవరూ ఆపలేకపోయారు. ఇవ్వకపోతే అమ్మ మాట పోతుంది, ఇస్తే అమ్మ పేరు పోతుంది. గదిలోంచి వంటింట్లోకి వెళ్ళేటప్పుడు ఇవ్వాలనిపించేది. వంటింట్లోంచి తిరిగి వచ్చేటప్పుడు వద్దనిపించేది. ఉప్పు వేసిన చారులో మళ్ళీ ఉప్పు వేసింది. సెవెరిన్ ఏమీ అనకుండా తాగాడు. ఆయన ఒక్క మాటైనా విసరకుండా తాగడం ఆమెని ఇంకా భయపెట్టింది.

శనివారం పొద్దున్న పలకని తువ్వాలులో చుడుతుంటే కుర్చీలోంచి గొంతు వినబడింది.

"అలాగే తీసుకెళ్తావా? ఆ జిడ్డుతోటి?"

ఆమె ఆగిపోయింది.

"ఇటు తే" అన్నాడు సెవెరిన్. పలకని ఒళ్ళో పెట్టుకుని, చొక్కా చేతి అంచుతో కోణం కోణమూ తుడిచాడు. ఎగిరిపోయిన కొస దగ్గర బొటనవేలు కాసేపు ఉంచాడు. "ఆ తువ్వాలు పాతది. ఇస్త్రీ చేసింది బీరువాలో ఉంది, అందులో చుట్టు. రాజుగారింటికెళ్తోంది మరి" అని మళ్ళీ పత్రిక మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ప్యాలెస్‌లోకి చెక్క తీసుకెళ్ళడం తేలికే. వాకిట్లో కాపలా మనిషి ఆమె సంచి వంక కూడా చూడలేదు. బయటికొచ్చేటప్పుడు చూస్తే మాత్రం ఏం చెబుతాను అని మెట్లెక్కుతున్నంతసేపూ ఆమెకి అదే బెంగ. ఇక వెనక్కి తీసుకెళ్ళడం కుదరదని అప్పుడు తెలిసొచ్చింది. ఒకవైపే పోయే పట్టా ఎక్కేసింది.

మూల గదిలో అదే కుర్చీ, అదే శాలువా. ఆవిడ పేరు తెయోఫిలా అని శాలువాకి గుచ్చిన చీటీ మీద ఉంది. లియోకాదియా ఇటూ అటూ చూసి, గబగబా తువ్వాలు విప్పి, పలకని రెండు చేతులా పట్టుకుని ఎర్ర తాడు మీదుగా ముందుకు చాపింది.

"ఇది మీదేనండీ. తీసుకోండి."

తెయోఫిలా లేచి వచ్చింది. చెయ్యి చాపబోయింది. చాపబోయి, నిప్పు తగిలినట్టు రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది.

"అయ్యో అయ్యో! గడప మీదుగానా? మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరూ చెప్పలేదా? అరిష్టం కాదూ!"

లియోకాదియా నాలిక కరుచుకుంది. గడపకి అటొకరూ ఇటొకరూ నిలబడి చెయ్యి కలపడం కూడా ఎరగని ఊరు అది. ట్రామ్ తలుపు దగ్గర చిల్లర ఇచ్చినంత తొందరపడింది తను.

"మరైతే మీరిటు రండి."

"నేనా? గది వదిలి గడప దాటితే నా కుర్చీ ఊడుతుంది."

"నేను తాడు దాటితే?"

"మిమ్మల్ని గెంటేస్తారు."

ఇద్దరూ అలాగే నిలబడిపోయారు. మధ్యలో గాలిలో నక్షత్రం. లియోకాదియా చేతులు నొప్పెడుతున్నాయి. అప్పుడు తెయోఫిలా పలక వంక చూసింది. తన కాళ్ళ కిందకి చూసింది. మళ్ళీ పలక వంక చూసింది.

"ఓ తల్లీ" అంది నెమ్మదిగా. "ఎక్కడిదమ్మా ఇది?"

"మా వంటింట్లోది."

తెయోఫిలా వంగింది. తాడు కొక్కెం తీసింది. "రండి లోపలికి. లోపలికొచ్చి ఇవ్వండి. చెప్పులు సరిగ్గా ఉన్నాయా? ఊఁ, రండి."

లియోకాదియా గడప దాటింది. ఇన్నేళ్ళుగా ఇన్ని నేలలు చూసింది గానీ, తాడుకి అవతలి వైపు కాలు పెట్టడం ఇదే మొదలు. ఎవరూ చెప్పకుండానే మోకాళ్ళ మీద కూర్చుని, పలకని నేల మీదున్న నక్షత్రం పక్కన ఉంచింది. కోణానికి కోణం, గీతకి గీత. తేడా రంగులోనే: నేల నక్షత్రాల నడిబొడ్డుతో సహా తేనెరంగులో మెరుస్తోంది, పలక చారు తాగి నల్లబడి ఉంది. ఊరినుంచి వచ్చిన పేద చుట్టంలా ఉంది ఆ నేల పక్కన.

తెయోఫిలా ఫోన్ చేస్తే బొజిదార్ అనే ఆయన వచ్చాడు. పాత వస్తువులకి ఆయన పెద్ద. ఆయనా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పలకని తాకకుండా చాలాసేపు చూశాడు.

"మధ్యలో ఎర్రదా!" అన్నాడు తనలో తను. "పాత నేలంతా యుద్ధంలో తగలబడిపోయిందమ్మా. ఒక పాత నలుపు తెలుపు ఫొటో చూసి కొత్తగా చేయించాం. రంగులన్నీ ఊహే. అసలు నేలది ఒక్క ముక్కయినా మిగిలిందని నేననుకోలేదు."

"అయితే ఎక్కడ పెడతారు దీన్ని?" అంది లియోకాదియా. ఆమె కళ్ళు అప్పటికే గోడ గోడకీ వెతుకుతున్నాయి, ఖాళీ ఎక్కడుందా అని. ఇన్నాళ్ళూ ఆమె మనసులో ఒక నేల ఉండేది, ఆ నేలలో ఒక ముక్క లేక గొయ్యి ఉండేది. తను వెళ్ళి ఆ గొయ్యి పూడ్చి లేస్తుంది. ఆ తర్వాత కూర్చుంటుంది.

బొజిదార్ ఆమె చూపు వెంబడే చూశాడు. "నేల నిండుగానే ఉందమ్మా" అన్నాడు, తప్పు తనదే అయినట్టు. "దీన్ని జాగ్రత్తగా లోపల భద్రపరుస్తాం. చలీ తేమా తగలని చోట."

"సొరుగులోనా?"

"సొరుగులోనే."

"మా అమ్మ దీన్ని రోజూ వెచ్చగా ఉంచింది" అంది లియోకాదియా.

కారిడార్లో బడిపిల్లలెవరో జారుతున్నారు. పలక ఇంకా నేల మీదే ఉంది. ఇప్పుడైనా తీసుకుని తువ్వాలులో చుట్టేసుకోవచ్చు. ఆయన వద్దనేలా లేడు.

"ఈ నల్ల వలయాలు..." అన్నాడు బొజిదార్.

"చారు. అవి చెరిపేస్తారా?"

ఆయన ఆలోచించాడు. "ఉంచుతామని నా ఒక్కడి నోటితో మాట ఇవ్వలేనమ్మా. ఉంచాలనే నేను చెబుతాను."

అబద్ధమాడి ఉంటే ఆమె తీసుకుపోయేదేమో. ఇలా ఉంచండి, అలా ఉంచండి అని షరతులు పెట్టి ఇస్తే అది ఇవ్వడం కాదు, దాచమని అప్పగించడం. అమ్మ 'ఇచ్చెయ్యి' అంది. అంతకి మించి ఏమీ అనలేదు. లియోకాదియా పలకని నేల మీంచి తీసి, రెండు చేతులా ఆయన చేతుల్లో పెట్టింది. ముగ్గురూ గడపకి ఇవతలే ఉన్నారు, తెయోఫిలా అది చూసుకుని తల ఊపింది.

"ఎవరు తెచ్చారని రాసుకోమంటారు?" అన్నాడాయన.

ఇదే. సెవెరిన్ భయపడ్డ చీటీ ఇదే. లియోకాదియా మోకాళ్ళ మీంచి లేచి నిలబడింది.

"అపొలోనియా అని రాయండి. పొయ్యిలో పెట్టడానికి తీసుకెళ్ళింది, పెట్టలేకపోయింది. ఆ రెండూ రాయండి. మొదటిది రాసి రెండోది మానేయకండి."

బొజిదార్ ఆమె ముందే రాసి, చదివి వినిపించాడు. అలాగే ఉంది.

కిందికి దిగుతుంటే సంచి భుజం మీద తేలిపోతోంది. బరువులేని సంచి నడకని కూడా చెడగొడుతుంది, మెట్టు మెట్టుకీ ఎగిరి తొడకి కొట్టుకుంటోంది. గుమ్మం దగ్గర బల్ల మీద ఒక కాలు పెట్టి చెప్పు విప్పింది, రెండో కాలు పెట్టి విప్పింది. బయట చినుకులు. ట్రామ్ కనబడితే పరుగెత్తి ఎక్కింది. వంతెన మీద నది గోధుమరంగులో ఉంది. అమ్మకి చెప్పడానికి ఇప్పుడు మాట ఉంది. అయినా లోపల ఏదో కుదుటపడలేదు. సీట్లు ఖాళీగా ఉన్నా నిలబడే, పట్టుకునే కడ్డీ ఒకటి వదిలి ఇంకోటి పట్టుకుంటూ ఇంటికి వచ్చింది.

అన్నకి అంతా చెప్పింది. చీటీ మీద మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు. "రెండోది కూడా రాశాడా? నీ కళ్ళతో చూశావా?" అన్నాడు. చూశానంది. సెవెరిన్ కిటికీవైపు తిరిగాడు. తర్వాత ముక్కు చీది, "ఆకలేస్తోందే" అంటూ వచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు.

బీట్‌రూట్ చారు పెట్టింది. మరిగింది. గుడ్డలతో గిన్నె చెవులు పట్టుకుని ఎత్తి, ఎప్పటిలా ఎడమ పక్కకి తిరిగింది. దించబోయి ఆగిపోయింది. అక్కడేమీ లేదు.

బల్ల మీద మైనపు గుడ్డ పరిచి ఉంది, పెడితే కరిగిపోతుంది. కిటికీ గట్టు మీద చేమంతుల కుండీలున్నాయి, రేపటి సమాధికి. లియోకాదియా కాలుతున్న గిన్నెతో వంటింట్లో గిరగిరా తిరిగింది.

"పెట్టవే ఎక్కడో అక్కడ! చేతులు కాలతాయ్!"

"ఎక్కడ పెట్టను? చెప్పు, ఎక్కడ పెట్టను? ఆ సంచిలో తువ్వాలుంది, తియ్యి! తీసి బల్ల మీద వెయ్యి!"

సెవెరిన్ కుర్చీలోంచే చెయ్యి చాపి, సంచి లాగి, లోపల చెయ్యి పెట్టి దొరికింది తీసి బల్ల మీదకి విసిరాడు. ఆమె గిన్నె దించేసింది. దించి, చేతులు ఊదుకుంటూ చూసింది.

గిన్నె కింద ఉన్నది తువ్వాలు కాదు. బూడిదరంగు ఉన్ని చెప్పు. దాని జంట ఇంకా సంచి నోట్లోంచి తొంగి చూస్తోంది. మడమ దగ్గర ప్యాలెస్ ముద్ర.

ఇద్దరూ దానివంకే చూశారు. ముందు సెవెరిన్ పొట్ట కదిలింది. తర్వాత భుజాలు. తర్వాత ఆయన కళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"నవ్వకు" అంది లియోకాదియా. "నాకు తెలీదు. నిజంగా తెలీదు. ఖాళీ సంచి కదా, చెయ్యి దానంతటదే వేసేసింది."

"ఈ ఇంటి ఆడవాళ్ళకి రాజుగారి సొమ్ము ఇంట్లో ఒకటుంటే గానీ తోచదేమోనే!"

"నవ్వకంటే! రేపు సమాధి దగ్గర అమ్మకేం చెప్పను నేను?"

"ఉన్నది చెప్పు. ఒకటిచ్చాను, రెండు తెచ్చానని."

ఆమె అప్పటికే ఒక చెయ్యి కోటులో దూర్చింది. ప్యాలెస్ తలుపులు ఈపాటికి మూసేసి ఉంటారు, రేపు పండగ, సోమవారం సెలవు. ఆ సంగతి అన్న చెప్పాల్సిన పనిలేదు, ఆమెకి కంఠతా వచ్చు. అయినా రెండో చెయ్యి కూడా దూర్చి, తలుపుదాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ తలుపుదాకా వెళ్ళింది.

"ముందు చారు పొయ్యవే" అన్నాడు సెవెరిన్. "చెప్పు కాలుతోంది."